ఎవురు చెప్పిరి

ఆమె పోయిందన్న కబురు నాకు "అంట"తో వచ్చింది. కోవిల్‌పట్టి నుంచి మా చిన్నాన్న కూతురు ఫోన్ చేసి, ఆ మాటా ఈ మాటా అయ్యాక, "మీ కాలేజి మేడం పోయినాదంట అక్కా" అంది. నేనప్పుడు చిత్తూరులో మా కాలేజీ స్టాఫ్ రూములో టిఫిన్ డబ్బా మూత తీస్తున్నాను. ఏడుపు రావాల్సిన చోట నా నోట్లోంచి "ఎవురు చెప్పిరి?" అన్న మాట వచ్చింది. పూలంగడి ఆమె చెప్పిందట. ఆమెకెవరు చెప్పారంటే పాలాయన. ఆ పాలాయన వాళ్ళ వీధిలో పాలు పోస్తాడా అని అడిగితే, అదంతా ఇప్పుడెందుకక్కా అని మా చెల్లెలు విసుక్కుంది.

మనిషి పోయిందంటే అక్కకు కన్నీళ్ళు లేవు, ఆరాలు మాత్రం ఉన్నాయని అది అనుకొని ఉంటుంది. నిజానికి ఆ క్షణంలో నేను ఆమెకు చేయగలిగిన మర్యాద అదొక్కటే. తన చావు కబురే అయినా, ఇంతమంది నోళ్ళు మారి వచ్చినదాన్ని ఊరికే నమ్మేస్తే ఆమె నన్ను క్షమించేది కాదు.

ఆమె విరుదునగర్‌లో ఒక కాలేజీలో చరిత్ర చెప్పేది. పేరు రాయను. రాస్తే "నా సంగతి నీకేమి తెలుసని రాస్తివి" అని అడుగుతుందేమోనని నాకిప్పటికీ భయమే. పొట్టి మనిషి. ముదురు రంగు నూలు చీరలు, ముక్కు కొనకు జారే కళ్ళజోడు, ఎప్పుడూ రైలు తప్పిపోతుందేమోనన్నంత తొందర నడక. ఎవరైనా గాలి కబురొకటి మొదలుపెడితే కళ్ళజోడు నుదుటి మీదికి తోసేసి, కుడి చెవి వాళ్ళవైపు తిప్పేది. ఆ చెవి తిరిగిందంటే ప్రిన్సిపాల్ కూడా వాక్యం మధ్యలో ఆగి, ఈ మాట నాకెవరు చెప్పారబ్బా అని లోపల వెతుక్కునేవాడు. క్లాసులో ఎవరు చెప్పారన్న ఆ ప్రశ్న తమిళంలో వచ్చేది, "యార్ సొన్నా?" అని. పిల్లలు ఆమెకు ఆ పేరే పెట్టారు, యార్ సొన్నా మేడం. ఆ పేరు తన చెవిన పడ్డప్పుడు, ఇది మొదట ఎవరు పెట్టారని క్లాసు క్లాసుకూ వెళ్ళి ఆరా తీసిందని చెప్పుకునేవాళ్ళు. అది నేను చూడలేదు కాబట్టి చెప్పుకునేవాళ్ళని మాత్రమే రాస్తున్నాను.

ఏ కాగితమైనా ఆమె కింది నుంచి చదివేది. పెళ్ళి పత్రిక ఇస్తే ముందు అడుగున ఉన్న ప్రెస్సు పేరు, తర్వాత పిల్ల పేరు. పేపరు తీస్తే వార్త కన్నా ముందు అది పంపినవాడి ఊరు. మదురైలో కూర్చుని ఒట్టపిడారంలో వాన పడిందని ఎట్ల రాసినాడని ఒకరోజు పేపరును మడిచి ఒళ్ళో పెట్టేసుకుంది, ఊరు చేరేదాకా తీయలేదు. సాత్తూరు స్టేషన్‌లో లేత దోసకాయల బుట్టతో ఎక్కే ఆమె, ఒక్క కాయ కూడా చేదుండదు మేడం అంటే, నువ్వు తిన్నావా అని అడిగేది. తినలేదంటే కొనేది కాదు. కొన్నాళ్ళకు ఆ దోసకాయలామె మా పెట్టె ఎక్కుతూనే ఒక కాయ కొరికి, నమిలి, మింగి, ఆ తర్వాతే బుట్ట దించేది. పెట్టె మొత్తం నవ్వేది. ఈమె మాత్రం సాక్ష్యం విన్న జడ్జిలాగా తల ఊపి కాయలు ఏరుకునేది.

బంధువుల్లో ఆమెకు పెద్దగా చుట్టరికాలు మిగల్లేదు. పెళ్ళి సంబంధాల దగ్గరికి ఆమెను పిలవడం మానేశారు. పిల్లవాడు బుద్ధిమంతుడంట అని మధ్యవర్తి అనడమూ, ఈమె చెవి తిప్పడమూ, వాడు తడబడడమూ ఎందుకొచ్చిన గొడవ అనుకునేవాళ్ళు. ఆమెతో వేగడం కష్టమన్న మాట నేనూ కాదనను. జ్వరమొచ్చి క్లాసుకు రాలేదంటే, థర్మామీటరు ఎవరు చూశారని అడిగే మనిషితో ఎవరు వేగుతారు?

మేమిద్దరం కోవిల్‌పట్టి వాళ్ళమే. మా నాన్న అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఆమెది ఎట్టయాపురం వైపు నల్లరేగడి పల్లె, భూములున్న కుటుంబం. పెళ్ళి చేసుకోలేదు. టౌనులో తన అక్కతో కలిసి ఉండేది. కులాలు వేరు, వీధులు వేరు, ఇంట్లో మాట్లాడేది మాత్రం ఇద్దరమూ తెలుగే. ఆ తెలుగు మాకు నోటికే గాని చేతికి లేదు. నాకు అక్షరాలు పెద్దయ్యాక, చిత్తూరు వచ్చాక వచ్చాయి. ఆమెకు చివరిదాకా రాలేదు. నేనిప్పుడు రాస్తున్న ఈ నాలుగు ముక్కలు ఆమె బతికి ఉన్నా ఎవరైనా చదివి వినిపించాల్సిందే.

ఆమె కాలేజీలోనే నేనూ చదువుకునేదాన్ని. పొద్దున పాసింజరులో ఎదురెదురుగా కూర్చునేవాళ్ళం. ఆమె ఒక నియమం పెట్టింది. సాత్తూరు దగ్గర వైప్పారు వంతెన వచ్చేదాకా నేను ఆమెను అత్తా అని పిలవాలి, తెలుగులో మాట్లాడాలి. వంతెన దాటితే మేడం, తమిళం. సాయంత్రం తిరుగు రైల్లో మళ్ళీ వంతెన దాటగానే తెలుగు. వంతెన మీద చక్రాల చప్పుడు మారగానే, మాట మధ్యలో ఉన్నా సరే, భాష మార్చేసేది. ఒకరోజు పొద్దున నన్ను తిడుతూ వంతెన ఎక్కింది. తిట్టు తల తెలుగులో, తోక తమిళంలో పడింది. నాకు తెలుగు సగమే ఎక్కువ తగిలింది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నేను అక్కడే ఎం.ఫిల్‌లో చేరాను. విరుదునగర్‌లో మిరపకాయల మండీల పక్కన బ్రౌజింగ్ సెంటర్లు పుట్టుకొస్తున్న కాలమది. అందరి నోటా ఇంటర్నెట్టే. అసలిది ఎక్కణ్ణుంచి వచ్చింది, ఎవరు మొదలుపెట్టారు అని నాకు కుతూహలం పుట్టి, దాని చరిత్రే రాస్తానన్నాను. డిపార్ట్‌మెంటు నవ్వింది. పాండ్యులూ పాలెగాళ్ళూ ఉండగా నిన్నమొన్నటి తీగలకు చరిత్రేమిటన్నారు. ఆమె నవ్వలేదు. ఆ సాయంత్రం రైలు వంతెన దాటాక, "నాకి అది తెలీదు. నీకీ తెలీదు. ఇద్దురికీ తెలీదని ఇద్దురికీ తెలుసు, అది సాలు. రాయి" అంది. మర్నాడు నా గైడుగా సంతకం పెట్టింది.

ఆ డిగ్రీ నాకు అలంకారం కాదు. సాత్తూరు దగ్గర కొత్తగా పెట్టిన ఒక కాలేజీవాళ్ళు, జూన్‌లో తెరిచేలోగా ఎం.ఫిల్ చేతికొస్తే లెక్చరర్‌గా తీసుకుంటామన్నారు. రాకపోతే మా అమ్మా అక్కా కూర్చునే చోటే, అగ్గిపెట్టెలకు లేబుళ్ళు అంటించే బల్ల ముందు నేనూ కూర్చోవాలి. ఆ పని తక్కువదని కాదు. ఇంత చదివించి చివరికి ఇక్కడికే తెచ్చావా అని ఫ్యాక్టరీలో మా నాన్నను ఆటపట్టిస్తారు. ఆయన పైకి నవ్వేసి ఇంటికొచ్చి అన్నం తినడు. నా భయమంతా అదే.

బ్రౌజింగ్ సెంటరుకు ఆమె నాతో వచ్చేది. చెప్పులు గడప బయట విడిచి లోపలికి వెళ్ళాలి. చెక్క అడ్డల మధ్య ఇరుకు గూళ్ళు, ఒక్కో గూట్లో ఒక కంప్యూటరు. లెక్చరరమ్మ లోపలికొస్తే పక్క గూళ్ళలో కుర్రాళ్ళు సర్దుకునేవాళ్ళు. ఆమె ఏనాడూ మౌసు ముట్టలేదు. స్టూలు మీద కూర్చుని, చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని, కిందికి అనేది. ఇంకా కిందికి. పేజీ అడుగున రాసినవాడి పేరు ఉందా, తేదీ ఉందా, తనకీ సంగతి ఎక్కడ దొరికిందో చెప్పాడా అని చూసేది. ఇవేవీ లేకపోతే మూసేయమనేది. పైన ఏం రాసి ఉందో చదవనిచ్చేది కూడా కాదు. చదివితే మనసుకు అంటుకుంటుంది, తర్వాత కడిగినా పోదు అనేది.

నేను దొంగచాటుగా చదివేదాన్ని. ఏ పేజీ చూసినా ఒకటే కథ. అణుయుద్ధం వచ్చి పట్టణాలు బూడిదైపోయినా కబుర్లు తెగిపోకూడదని అమెరికా సైన్యం ఇంటర్నెట్టును కట్టింది. ఎంత బాగుందో కథ! నా మొదటి అధ్యాయంలో మొదటి వాక్యం ఇదేనని తీర్మానించుకున్నాను. ఇన్ని చోట్ల ఉంది కదా, అబద్ధం ఎలా అవుతుందని ఆమెను అడిగాను. ఆ పేజీలు నాలుగైదు అచ్చు తీయించుకుని రైల్లో ఒళ్ళో పరుచుకుంది. చాలాసేపటికి ఒక ఇంగ్లీషు మాట మీద వేలు పెట్టింది. అందులో ఒక అక్షరం తప్పు పడింది. తక్కిన కాగితాల్లోనూ అదే మాట, అదే తప్పు. ఒకడు రాస్తే తక్కినవాళ్ళు చూసి రాసుకున్నారు, ఇది పదిమంది సాక్ష్యం కాదు, ఒకడిదే అంది.

తర్వాత ఆమె చెప్పింది నేను మరిచిపోలేను. ఆ ఇంగ్లీషు వాక్యాన్ని మన తెలుగులో చెప్పమంది. నేను చెప్పాను: "యుద్దం వచ్చినా తెగిపోకూడదని కట్టిరంట."

కళ్ళజోడు నుదుటి మీదికి వెళ్ళింది. "ఆ అంట ఎక్కణ్ణుంచి వచ్చె? కాయితంలో ఉండాదా?"

చూశాను. లేదు. నేను చేర్చాలని చేర్చలేదు, అదే వచ్చి నాలుక మీద కూర్చుంది.

"నువ్వు చూడలేదని నీ నోటికి తెలుసు" అంది. "ఇంగిలీసుకి అంట లేదే. అందుకే దాంట్లో ఏమి రాసినా నిజం మాదిరి కనిపిస్తాది. నువ్వు ఏది సదివినా తెలుగులో చెప్పి చూడు. అంట తానుగా వచ్చిందంటే, దాని కడుపులో ఎవుడో ఒకడు దాక్కోని ఉండాడని అర్తం. వాణ్ణి బయటికి లాగు. నువ్వు ఆడ ఉంటివా, లేక నీకీ ఇంకొకడు చెప్పినాడా అని అడుగు."

పుస్తకాల తెలుగులో దాన్ని అట అంటారని నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. అయినా ఆ రోజు రైల్లో విన్న "అంట" అన్నదే నాకు అసలు మాటగా మిగిలింది. చరిత్ర రాసే విద్యకు ఇంతకన్నా చిన్న పాఠం, ఇంతకన్నా పెద్ద పాఠం నాకెవరూ చెప్పలేదు.

అప్పుడే వాళ్ళ అవ్వ సంగతి కూడా చెప్పింది. వాళ్ళ పూర్వులు ఉత్తరాన తెలుగు సీమ నుంచి పారిపోయి వచ్చేటప్పుడు వెనక గుర్రాలు తరుముతుంటే, ముందు ఏరు నిండి పారుతుంటే, గట్టున కానుగ చెట్టు వంగి అవతలి ఒడ్డుకు వంతెన అయిందని వాళ్ళ పల్లెలో ఇంటింటా చెబుతారు. వాళ్ళ అవ్వ ఆ కథ చెప్పినప్పుడల్లా ప్రతి వాక్యానికీ అంట చేర్చేదట. చెట్టు వంగిందంట, పిల్లల్ని ముందు దాటించిరంట, చివరి మనిషి దాటినంక చెట్టు లేచి నిలబడిందంట. ఆమెకు ఆ చెట్టంటే ప్రాణం. ఎవరైనా అది కట్టుకథ అంటే కోపం వచ్చేది. అబద్ధమని అనకూడదు, అంట అని అనాలి, రెండూ ఒకటి కాదు అనేది. చెట్టు వంగిందో లేదో తెలియదు గాని, వంగిందని ఇన్ని తరాలు చెప్పుకున్నారన్నది మాత్రం తను చెవులారా విన్న నిజమట. పుట్టుక కథ ఎవరిదైనా భయంతోనే మొదలవుతుందని కూడా అంది. వాళ్ళకు గుర్రాలు, ఇంటర్నెట్టుకు బాంబు.

నేను ఆ మాట పట్టుకుని రాయడం మొదలుపెట్టాను. అంట లోపలి మనిషి దొరికిన చోట అతని పేరు రాశాను. దొరకని చోట దొరికినట్టు నటించకూడదు కదా, నిజాయితీగా అంట అని రాశాను. ఇంగ్లీషులో మా వైపు దానికున్న మాట ఇట్ సీమ్స్. బస్సు వెళ్ళిపోయిందంట అనాలంటే చదువుకున్న వాళ్ళమందరం ఆ మాటే చివర తగిలిస్తాం. యుద్ధం కోసం కట్టారు, ఇట్ సీమ్స్. మొదట కొన్ని కంప్యూటర్లనే కలిపారు, ఇట్ సీమ్స్. మొదటి అధ్యాయం నిండా అవే. ఆమె మొత్తం చదివింది, మళ్ళీ మళ్ళీ చదివింది, కామాలు కూడా దిద్దింది. ఆ మాట దగ్గర ఒక్కసారీ ఆగలేదు. మా ఇద్దరి చెవికీ అది మన "అంట" లాగే వినిపించింది.

వైవాకు ఉత్తరాది విశ్వవిద్యాలయం నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. మెత్తని మనిషి, మర్యాదగా మాట్లాడాడు. నా థీసిస్ తెరిచి ఒక వాక్యం చదివాడు, ఇంకొకటి చదివాడు, ప్రతిదాని చివరా ఆ ఇట్ సీమ్స్‌ను కొంచెం ఒత్తి పలికాడు. అసలు ఇంగ్లీషులో ఆ మాటకు విన్నానని కాదు, అలా అనిపిస్తోందని అర్థం. ఈ అమ్మాయికి తను రాసిన ఏ ఒక్క సంగతి మీదా నమ్మకం లేనట్టుందే అన్నాడు. తర్వాత నావైపు చూసి ఇంగ్లీషులో నెమ్మదిగా అడిగాడు, ఇలా అనిపించింది ఎవరికి అని.

కాలేజీ, జూన్, నాన్న తినని అన్నం, అన్నీ ఒకేసారి కళ్ళముందు తిరిగాయి. దిక్కు కోసం ఆమె వంక చూశాను. ఆమె కళ్ళజోడు నుదుటి మీదుంది. ముఖం పండగ చేసుకుంటోంది. నా కొంప మునుగుతుంటే ఈమెకు ఇంత సంతోషమేమిటో నాకు అర్థం కాలేదు. తర్వాత తట్టింది. ఆయన అడిగింది ఆమె ప్రశ్నే. ఇన్నేళ్ళకు ఆ ప్రశ్న వేరే నోట్లోంచి తన వైపు వచ్చింది.

ఆమె లేచి నిలబడింది. మా ఇంటి భాషలో మాటకు ఒక తోక ఉంటుందని, ఇది నేను చూడలేదు, విన్నాను అని అది చెబుతుందని, ఆ తోకను మేము ఇంగ్లీషులోకి కూడా ఈడ్చుకొస్తామని ఆయనకు వివరించింది. ఈ థీసిస్ అంతా చదివి కూడా ఆ తప్పు తన కంటికి కనబడలేదని, తప్పు తనదని అంది. ఆయన థీసిస్ మూసి మావైపు తోశాడు. తోకలన్నీ తీసేయండి అన్నాడు. ప్రతి తోక ఉన్నచోటా ఒక మనిషి పేరుండాలి, పేరు లేకపోతే ఆ వాక్యమే ఉండకూడదు. మే నెలాఖరులోగా తెస్తే చూస్తాను, లేకపోతే వచ్చే ఏడాదే. మేమూ అదే అనుకుంటున్నామండీ అంది ఆమె. నేను అలా ఏమీ అనుకోవడం లేదు.

తిరుగు రైల్లో ఏడ్చాను. వంతెన వచ్చేదాకా ఊరుకుని, దాటగానే, ఏడిస్తే ఆ మనుషులు వాళ్ళంతట వాళ్ళే బయటికి వస్తారా అని కసిరింది. ఆ రోజు ఆమె మీద నాకు చాలా కోపం వచ్చింది.

ఆ ఎండాకాలమంతా అంటల కడుపులో మనుషుల్ని వెతకడమే మా పని. కాలేజీ మూసేశారు కాబట్టి కోవిల్‌పట్టి సెంటర్లోనే కూర్చునేవాళ్ళం. కరెంటు పోతే చెక్క గూట్లో చెమటలు కారుతూ అది వచ్చేదాకా కాచుకునేవాళ్ళం. ఇంటర్నెట్టు పుట్టుక మీద ఒక అమెరికా విశ్వవిద్యాలయం అచ్చువేసిన పుస్తకాన్ని ఆమె తన పాత స్నేహితురాలి చేత చెన్నై లైబ్రరీ నుంచి తెప్పించింది. దాన్ని కూడా వెనకాల ఉన్న ఆధారాల పేజీల నుంచి మొదలుపెట్టి ముందుకు చదివింది. ఆ ఆధారాల దారి పట్టుకుని వెళితే అసలువాళ్ళు దొరికారు. ఆ పని చేసిన ఇంజినీర్లు అప్పట్లో ఒకరికొకరు నంబర్లు వేసి రాసుకున్న చిన్న చిన్న పత్రాలు ఎవరైనా చూసేలా బయటే ఉన్నాయి. వాళ్ళు ముసలివాళ్ళయ్యాక ఎవరో కూర్చోబెట్టి అడిగి, టేపుల మీద ఎక్కించి, అక్షరం అక్షరం రాసిపెట్టిన సంభాషణలున్నాయి. నేను ఎగిరి గంతేశాను. ఆమె ఎగరలేదు. ముసలివాళ్ళు పాత సంగతి చెప్పేటప్పుడు ఫోటోలో లాగా తమనే మధ్యలో నిలబెట్టుకుంటారు, అప్పుడు రాసిన పత్రం ఏమంటోందో పక్కన పెట్టి చూడు అంది. చూసిన చోటల్లా ఒక పేరు దొరికింది, ఒక ఇట్ సీమ్స్ పోయింది.

మొదటి వాక్యం మాత్రం లొంగలేదు. యుద్ధం మాట ఊరికే పుట్టలేదు. అంతకు ముందే ఒక పరిశోధకుడు బాంబులు పడినా తెగని ఫోను వ్యవస్థ ఎలా ఉండాలో రాశాడు. అది నిజం, అతని పేరుతోనే ఉంది. అది కనబడ్డ రోజు ఆమె, మన అనుమానం సగం తప్పని ముందు రాయి అంది. కానీ ఈ నెట్‌వర్కును కట్టినవాళ్ళు, దూరదూరాన ఉన్న కంప్యూటర్లను పంచుకుని వాడుకోవడానికి కట్టామంటున్నారు. రెండు వేరు వేరు పనుల్ని లోకం ఒకే తాడుగా పేనేసిందని మాకు అర్థమైంది. అయినా ఆమెకు తృప్తి లేదు. అక్కడున్న మనిషిని అడగాలంది. ఆ పత్రాలు రాసినవాళ్ళలో ఒకాయన ఈ-మెయిలు చిరునామా ఆయన విశ్వవిద్యాలయం పేజీ అడుగున దొరికింది. కోవిల్‌పట్టి నుంచి అడిగితే ఆయన బదులిస్తాడా అన్నాను. అడగడం మన పని, ఆ తర్వాతది ఆయన పని అంది. ఆమె చెబుతుంటే నేను టైపు చేశాను. మర్యాదలు పోగా అందులో ఉన్నది రెండే ప్రశ్నలు. మీరు ఆ గదిలో ఉన్నారా? యుద్ధం మాట మీ చెవులతో విన్నారా?

కొన్నాళ్ళకు బదులు వచ్చింది. చాలా చిన్నది. నేను తెలుగులో చెబుతుంటే ఆమె చెవి తిప్పి వింది. ఆయన ఆ గదిలో ఉన్నాడు. తమ పనిలో యుద్ధం మాట ఆయన చెవిన పడలేదు. ఈ పనికి అనుమతిచ్చిన పెద్దవాళ్ళు వాళ్ళ గదుల్లో ఏమనుకున్నారో ఆయనకు తెలియదు, ఎందుకంటే ఆ గదుల్లో ఆయన లేడు.

ఏనాడూ ఆ యంత్రాన్ని ముట్టని మనిషి చెయ్యి చాచి, తెర మీద ఆ చివరి వాక్యాన్ని వేలితో తాకింది.

"ఈడు మనోడే" అంది.

నా మొదటి వాక్యం చప్పగా తయారైంది. యుద్ధం లేదు, బూడిద లేదు. ఎవరు ఏ పని కోసం ఏం రాశారు, ఎవరికి ఏం తెలియదు, అంతే. ఆ పెద్దాయన దాన్ని చదివి, మారు మాట లేకుండా సంతకం పెట్టి పంపాడు. జూన్‌లో నేను ఉద్యోగంలో చేరాను. ఇంతకీ అది యుద్ధం కోసం కట్టిందా, కాదా అని మా నాన్న అడిగాడు. చెప్పాను. ఆయన ముఖం వాడిపోయింది. బాంబు కథే బాగుంది అన్నాడు. ఫ్యాక్టరీలో ఆయన చివరిదాకా బాంబు కథే చెప్పాడు. నేను సిగ్గుపడుతూ ఈ సంగతి చెబితే, ఆమె, అంట చేర్చి చెబుతున్నాడా అని అడిగింది. చేర్చే చెబుతున్నాడన్నాను. అయితే తప్పేమీ లేదంది.

పెళ్ళై నేను చిత్తూరు వచ్చాక ఎప్పుడైనా ఫోన్లో మాట్లాడుకునేవాళ్ళం. ఎవరైనా రాయగలిగే విజ్ఞాన సర్వస్వం ఒకటి ఇంటర్నెట్‌లో పెరుగుతోందని ఒకసారి చెప్పాను. ఎవరైనానా అని ఆమె గొంతు లేచింది. అందులో ఆధారం లేని వాక్యం కనబడితే, దీన్ని ఎవరు చెప్పారో చూపించాలని వాక్యం చివర చిన్న గుర్తు తగిలిస్తున్నారని చెప్పాను. అవతల ఆమె నవ్వు వినిపించింది. అంత పెద్దగా నవ్వడం నేను ఎన్నడూ వినలేదు.

"కడాకి ఇంగిలీసుకీ అంట పుట్టె" అంది. ఆ గుర్తు మొదట ఎవరు పెట్టారని అడిగింది. నాకు తెలియదన్నాను. కనుక్కోమంది. ఇంకా కనుక్కోలేదు.

ఫోన్ వచ్చిన మర్నాడే బయల్దేరి కోవిల్‌పట్టి వెళ్ళాను. పాలాయన చెప్పింది నిజమే. వీధిలో అద్దె కుర్చీలు పేర్చి ఉన్నాయి. అన్నీ అయిపోయి, వచ్చినవాళ్ళు వెళ్ళిపోయారు. వాళ్ళ అక్క ఒక్కతే వంటింటి గడప మీద కూర్చుని ఉంది. నేను ఆమెను పెద్దత్తా అని పిలుస్తాను. తెల్లారి కాఫీ పెట్టి పిలిస్తే చెల్లెలు లేవలేదని, తను ఆ గదిలో లేదని, పక్క గదిలో పడుకుని ఉందని, ఏమీ వినబడలేదని చెప్పింది. చెబుతున్నంతసేపూ కొంగు కొనను వేలికి చుట్టి విప్పుతోంది. ఒకే ఇంట్లో అన్నేళ్ళు బతికి, చివరి ఘడియలో పక్క గదిలో ఉండిపోయానన్న బాధ ఆమెను తినేస్తోంది.

"నొప్పి తెలీకుండా పోయినాదంట" అంది.

నాలుక మీదికి అలవాటు ప్రశ్న వచ్చేసింది. ఆ అంట కడుపులో డాక్టరు ఉండొచ్చు, పక్కింటామె ఉండొచ్చు, పెద్దత్త ఆశే ఉండొచ్చు. నేను ఆ ప్రశ్నను మింగేశాను. పక్కన కూర్చుని ఆమె చెయ్యి పట్టుకున్నాను. జీవితంలో మొదటిసారి, చూడనిదాన్ని చూసినట్టు చెప్పాను.

"అవును పెద్దత్తా. నొప్పి తెలీకుండా పోయినాది."

ఆమె తల ఎత్తింది. అచ్చం చెల్లెలి లాగే కుడి చెవి నావైపు తిప్పింది.

"ఎవురు చెప్పిరి?" అంది.

ఫోన్లో రావాల్సిన ఏడుపు నాకు అప్పుడు వచ్చింది.